పూల బ్రాకెట్లు

గుంతకల్లు స్టేషన్ వెనక, పాత రైల్వే క్వార్టర్లో
ఫ్యాను గాలికి కాగితాలు లేవకుండా
గుండ్రాయి పెట్టుకుని కూచున్నాను.

రెండువందల పన్నెండు పేజీలు.
పార్సిలాఫీసు వన్నూరప్ప
గార్డుల పాత రిజిస్టర్లో నీలి సిరాతో
ఇరవయ్యేండ్లు రాసిన ఆట.
నలుగురు కూచుంటే ఒకరు కోట అవుతారు.
కోటలో దొర, దొర కుక్క, కుక్క మీది ఈగ
అన్నీ ఆ ఒక్కరే.
మిగతా ముగ్గురం దారిన పోయేవాళ్లం.

ఇప్పుడా ఆటను మిషన్‌కు నేర్పాల.
ఎర్రిస్వామి ఫోన్లో చెప్పినాడు:
"కథలొద్దు హనుమక్కా, గడులు కావాల.
పేరు, బలం, ప్రాణం, షరతు, ఫలితం.
ఒక్కోదాన్నీ పూల బ్రాకెట్లో పెట్టు.
నడుమ కామా మర్సిపోతివా,
కోట మొత్తం కూలుతాది."

ముందు స్కానరు చదివింది.
కోట తలుపును కోటి తలుపు అనింది.
పాము కాటును పాము కాటుక చేసింది.
తలుపైతే వెంటనే దిద్దినాను గానీ
కాటుక పెట్టుకున్న పామును
కాసేపు చెరపబుద్ధి కాలేదు.

దొంగ: బలం నాలుగు, ప్రాణం ఆరు.
ఒంటికన్ను గొర్రెల కాపరి: బలం రెండు, ప్రాణం తొమ్మిది.
అంత ప్రాణం ఎందుకో పుస్తకంలో లేదు.
వన్నూరప్ప నాయన గొర్రెలు కాసినాడని మాకు తెలుసు.
గుత్తి దారిలో ఎండ: రోజుకొక ప్రాణం కోత.
బావి: పాచిక మూడు పడితే నీళ్లు, లేకుంటే చేంతాడు తెగు.

పాచిక అని రాసినాను గానీ మాకు పాచికలెక్కడివి?
ఒక పక్క బండకేసి అరగదీసిన చింతపిక్కలు, డబ్బా నిండా.
నాలుగేసి తీసి విసరాల. తెల్లగా పడిందానికి ఒకటి.
అందులో ఒక వంకర పిక్క
ఎప్పుడేసినా తెల్లగానే పడేది.
ఓడిపోయేవాళ్ల చేతికి అదెట్ల చేరేదో
ఎవరమూ అడిగేది లేదు.
మిషన్ పిక్కకు వంకర లేదు.

ఎనభై ఎనిమిదో పేజీ. దప్పిక పట్టిక.
నీళ్లు లేని మొదటి రోజు ఒక ప్రాణం,
రెండో రోజు రెండు,
మూడో రోజు లెక్క అక్కర్లేదు.
కింద పెన్సిలుతో, సగం చెరిగి:
"ఊళ్లోకొచ్చి నీళ్లడిగినోనితో పిక్కలేయించొద్దు. పోసెయ్."

ఇది షరతా, ఫలితమా?
యాడ పెట్టినా ఎర్ర గీత.
అంకె ఇవ్వమంటాది. పోసెయ్ అంటే ఎంత?
సున్నా పెట్టినాను. నీళ్లు లేవనుకునింది.
తొంభై తొమ్మిది పెట్టినాను. వాడికింక చావు లేకుండా పోయింది.

రాత్రి ఒక్కదాన్నే ఆడి చూసినాను.
'దప్పికైతాంది. ఊరి మొదటి ఇంటి ముందర నిలబడినాను.'
తడుముకోకుండా అనింది:
'పాచిక వేయండి. మూడు రావాలి.'
తప్పేం లేదు, పట్టికలో ఉన్న మాటే.
రెండు పడినాయి.
'ఆ ఇంటి ఆమె తలుపు వేసుకుంది.'
ఎంత మర్యాదగా చెప్పిందో.

ఒక ఎండాకాలం, ట్యాంకరు రాని నాలుగో రోజు,
ఆట నడుమ రజియా నీళ్లడిగింది, ఉత్తుత్తికి కాదు.
ఆ పొద్దు కోట వన్నూరప్పే.
దొర గొంతు మార్చకుండానే లేచి
"దూరం నుంచి వచ్చింది పిల్ల, పోయండ్రా" అంటూ
అడుగంటిన కుండలో తానే చెంబు ముంచినాడు.
ఆ పెన్సిలు ఆ రాత్రిదేనేమో.

ఎర్రిస్వామికి చెప్పకుండా ఆరో గడి తెరిచినాను.
పేరు తోచక 'పెన్సిలు' అని పెట్టినాను.
నాలుగువందల పదకొండు వరసల్లో అది ఖాళీ.
'ఈ గడి అనవసరం, తీసేయమంటారా?'
ప్రతిసారీ అడుగుతాది. ప్రతిసారీ వద్దంటాను.

హుబ్లీ బండి పోతాంది, గోడలు అదురుతాండాయి.
గుండ్రాయి జరిపి పేజీ తిప్పినాను.
అంచున ఇంకో పెన్సిలు రాత, చీమ తల కన్నా చిన్నది.
కండ్లద్దాలు యాడ పెట్టినానో.